తేలిక విమానములు – వానికి అండగా నిలిచిన సంఘము

ఇంగ్లండు దేశపు పల్లెపట్టులందు కొన్ని రైతుకొట్టముల తలుపులు తీసి చూచినచో, ట్రాక్టరు ప్రక్కన, గడ్డిమోపుల నడుమ ఒక వింత వాహనము కానవచ్చును. దానికి మూడు చక్రములు, ఒకదాని వెనుక నొకటిగా రెండు ఆసనములు, వెనుకభాగమున ఒక ఇంజను, ఆ ఇంజనుకు బిగించిన పంకా ఉండును. ప్రక్కనే పొడవైన సంచిలో చుట్టిపెట్టిన గుడ్డరెక్క ఉండును. సెలవుదినమున ఆకాశము తేటగా నున్నచో, దాని యజమాని వచ్చి రెక్కను విప్పి, కడ్డీలు పొందించి, బండికి బిగించి, పచ్చికబయలుపై కొంతదూరము పరుగెత్తించి ఆకాశమునకు లేచిపోవును. ఆ యజమాని వడ్రంగి కావచ్చును, ఉపాధ్యాయుడు కావచ్చును, ఆసుపత్రిలో నర్సు కావచ్చును. ధనవంతుడు మాత్రమే కానక్కరలేదు. ఈ వాహనమునే మైక్రోలైట్ విమాన మందురు.

తొలినాటి మైక్రోలైట్ల బరువు మన వీధులలో తిరుగు స్కూటరు బరువునకు ఇంచుమించు సమానము. అంత తేలికైన యంత్రము మనుష్యుని మోసికొని కొండలపై, నదులపై ఎగురుట ఆశ్చర్యకరము. అంతకంటె ఆశ్చర్యకరమైన విషయము మరియొకటి కలదు. బ్రిటనులో ఈ విమానములు సురక్షితముగా ఎగురునట్లు చూచుట, వానిని నడుపువారికి శిక్షణ నిప్పించుట, పందెములు జరిపించుట – ఈ పనులలో పెద్దభాగమును ఎగురువారే సంఘముగా ఏర్పడి నిర్వహించుకొనుచున్నారు. ప్రభుత్వము పైనుండి చూచుచుండును. పని మాత్రము సంఘమువారిది. ఇట్టి యేర్పాటు ఎట్లు కలిగెనో తెలిసికొనవలెనన్న, ముందుగా ఆ విమానము పుట్టుపూర్వములను కొంచెము తెలిసికొనవలయును.

అమెరికాలో ఫ్రాన్సిస్ రొగాలో అను ఇంజనీరును, ఆయన భార్య గెర్‌ట్రూడ్‌ను కలసి 1948లో గుడ్డతో చేసిన త్రికోణాకారపు రెక్కనొకదానిని కనిపెట్టిరి. గట్టి చట్రము లేకున్నను, గాలి తనలో నిండగానే ఆ గుడ్డ తనంత తానే రెక్క ఆకారమును పొందును. తరువాతి కాలమున ఉత్సాహవంతులు ఈ రెక్కకు అల్యూమినియము గొట్టములు చేర్చి, దానిక్రింద వ్రేలాడుచు కొండకొమ్ములనుండి దుమికి గాలిలో తేలసాగిరి. దానినే హాంగ్ గ్లైడర్ అనిరి. కాని కొండలులేని ప్రదేశములవారి గతి యేమి? 1975లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున జాన్ మూడీ అనునాతడు తన గ్లైడరుకు ఒక చిన్న ఇంజను బిగించి, గడ్డకట్టిన సరస్సుపై పరుగెత్తి పైకి లేచెను. 1978లో డేవిడ్ కుక్ అను ఆంగ్లేయుడు అట్టి చిన్న ఇంజనుగల గ్లైడరుతోనే ఇంగ్లీషు చానలును దాటెను. ఇక కొండలతో పనిలేకపోయెను. సమతలమైన పొలమున్నచాలును.

నేడు మైక్రోలైట్లు ముఖ్యముగా రెండు తెగలు. మొదటిది పైన చెప్పిన గుడ్డరెక్కది. దీనిలో చోదకుని యెదుట ఒక అడ్డకడ్డీ యుండును. ఆ కడ్డీ రెక్కకు బిగింపబడియుండును. చోదకుడు కూర్చున్న బండి రెక్కనుండి వ్రేలాడుచుండును. కడ్డీని తనవైపునకు లాగుకొనినచో బండి బరువు ముందుకు జరిగి, రెక్క ముక్కు వంగి, వేగము పెరుగును. ముందుకు నెట్టినచో వేగము తగ్గును. ప్రక్కకు జరిపినచో విమానము మలుపు తిరుగును. రెండవ తెగ చూచుటకు సాధారణ విమానమువలెనే యుండును. తోక, చుక్కాని, కదలు పలకలు కలిగియుండును. దీనిలో చేతికర్రను తనవైపునకు లాగినచో ముక్కు పైకి లేచును. అనగా రెండు తెగలలో చేతిపని ఒకదాని కొకటి విరుద్ధము. కావుననే ఒకదానిలో ఆరితేరినవాడైనను రెండవదానిలో మరల శిక్షణ పొందనిదే ఎగురరాదను నియమము కలదు.

1970వ దశకము ముగియుచున్న కాలమున బ్రిటనులో ఈ వేడుక వేగముగా ప్రబలెను. పత్రికలలో నమూనాలు చూచి ఇంటిలోనే విమానములు చేసికొనువారు, ఎక్కడనో ఊడదీసిన ఇంజనును బిగించువారు, తమకు తామే ఎగురుట నేర్చుకొనువారు బయలుదేరిరి. ఆ ఉత్సాహము మెచ్చదగినదే. కాని గాలికి ఉత్సాహముతో పనిలేదు. గుడ్డరెక్క గాలితో నిండియున్నంతవరకే రెక్క. గాలి తప్పిపోయినచో అది వట్టి గుడ్డ. ముక్కు మితిమీరి క్రిందికి వంగినపుడు కొన్ని తొలినాటి రెక్కలలో గుడ్డ రెపరెపలాడి, మరల లేవకయే నేలకు దూసికొనివచ్చెడివి. కొన్ని గాలిలోనే తలక్రిందులయ్యెడివి. గొట్టములు విరిగెడివి, తీగలు తెగెడివి. ప్రాణములు పోయినవి.

అప్పుడు ప్రభుత్వమునకు రెండు మార్గములు కనిపించెను. పెద్ద విమానములకుగల కఠిన నియమములన్నియు వీనికిని వర్తింపజేయుట మొదటి మార్గము. అట్లు చేసినచో ఖర్చు ఆకాశమునంటి, సామాన్యుని విమానము నేలపైననే నిలిచిపోవును. ఎవరి చావు వారిదని వదలివేయుట రెండవ మార్గము. ఇది ధర్మము కాదు. క్రిందనున్న ఇండ్లవారికిని, తోడు కూర్చుండు ప్రయాణికునకును ఏ రక్షణయు లేకపోవును. ఈ రెంటికిని నడుమ మూడవ మార్గమును చూపినది ఎగురువారి సంఘమే. ఆ సంఘమునకు తొలుత ‘బ్రిటిష్ మినిమమ్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్’ అని పేరు. ‘మినిమమ్’ అనగా కనీసపు విమానము – ఎగురుటకు ఎంత అవసరమో అంతకు మించి ఏమియు లేనిది. అనంతరము అది ‘బ్రిటిష్ మైక్రోలైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్’ అయ్యెను. దాని కార్యాలయము లండనులో మేడలనడుమ గాక, ఆక్స్‌ఫర్డ్‌షైర్ జిల్లాలోని డెడింగ్టన్ అను చిన్న ఊరిలో చాలకాలము నడచెను. సభ్యులు చందా చెల్లింతురు. తమ పాలకవర్గమును తామే యెన్నుకొందురు. ‘మైక్రోలైట్ ఫ్లయింగ్’ అను పత్రికను నడుపుకొందురు.

ఒప్పందము ఇట్లు కుదిరెను. బ్రిటిష్ పౌర విమానయాన శాఖవారు మైక్రోలైట్లకొరకు ప్రత్యేకముగా ఒక నియమావళిని సిద్ధపరచిరి. దానికి ‘సెక్షన్ ఎస్’ అని పేరు. విమానము ఎంత బలముగా నుండవలెను, ఎట్లు లొంగవలెను అనునది అందు చెప్పబడినది. ఆ నియమముల ప్రకారము విమానములు ఉన్నవో లేవో చూచు అధికారములో చాలభాగమును ప్రభుత్వము సంఘమునకు అప్పగించెను. సంఘము ఆ పని సరిగా చేయుచున్నదో లేదో ప్రభుత్వము పరీక్షించుచుండును. విశ్వాసమును పోగొట్టుకొన్నచో అధికారమును పోవును. ఇది గ్రామస్థులే చెరువుగట్టును కాచుకొనుట వంటిది: గట్టు తెగినచో మునుగునది తమ పొలములే గనుక కాపలా గట్టిగా నుండును.

బలపరీక్ష యెట్లు చేయుదురో వినదగినది. ఎగురునపుడు రెక్కపై బరువు క్రిందనుండి పైకి నెట్టుచుండును. నేలపై దానిని అనుకరించుటకు రెక్కను వెల్లకిల త్రిప్పి, దానిపై ఇసుకబస్తాలు వరుసగా పేర్చుదురు. విమానము మామూలు బరువునకు నాలుగురెట్ల భారమును తాళవలయును. ఆపైన మరి సగము అధికముగా వేసినను విరుగరాదు. ఈ పరీక్షలలో నెగ్గిన ప్రతి రకమునకు సంఘమువారొక వివరపత్రము తయారుచేయుదురు. దాని బరువెంత, ఏ ఇంజను తగును, ఏ పంకా తగును, ఏ వేగమును మించరాదు అను సంగతులన్నియు అందుండును. యజమాని తన ఇష్టము వచ్చినట్లు ఒక్క మరను మార్చినను ఆ పత్రమునకు విరుద్ధమే. మార్పు చేయదలచినవాడు సంఘపు ఇంజనీర్లకు వ్రాసి అనుమతి పొందవలయును. కొందరికిది విసుగు కలిగించును. అయినను, చిన్న మార్పని తలచినది విమానపు సమతూకమును చెరచిన సందర్భము లున్నవి గనుక ఈ నిర్బంధము అవసరమే యనక తప్పదు.

ప్రతి సంవత్సరమును విమానమునకు తనిఖీ జరుగవలెను. తనిఖీదారులు సంఘమువారు నియమించినవారు. వారిలో అనేకులు తాము కూడ మైక్రోలైట్లు నడుపువారే. యంత్రములపై మక్కువతో ఈ బాధ్యతను స్వీకరించినవారు. తనిఖీదారుడు కొట్టమునకే వచ్చి, చేతిదీపము, భూతద్దము పట్టుకొని విమానమును కొననుండి కొనవరకు చూచును. గొట్టములపై సన్నని పగుళ్లున్నవేమో, ఉక్కుతీగల పోగులు చిట్లినవేమో, రెక్కకును బండికిని నడుమ సమస్తభారమును మోయు ఆ ఒక్క బోల్టు అరిగినదేమో పరీక్షించును. గుడ్డను పరీక్షించు విధానము మిక్కిలి సులభమైనది, చమత్కారమైనది. ఆ గుడ్డ పాలియెస్టరు దారముతో నేసినది. ఎండలోని అతినీలలోహిత కిరణములకు చాలకాలము గురియైనచో పైకి క్రొత్తదానివలె కనిపించుచునే లోలోపల చివికిపోవును. అందుచే తనిఖీదారుడు ఒక లావుపాటి సూదిని గుడ్డలో గ్రుచ్చి, దానికి స్ప్రింగుత్రాసు తగిలించి, ఒక కిలోగ్రామునకు పైబడిన నిర్ణీతబలముతో లాగును. సూది రంధ్రము చీలకున్నచో గుడ్డ పనికివచ్చును. చీలినచో ఆ రెక్క ఇక ఎగురదు. వేలకొలది రూపాయల పరికరములు లేకయే ఒక సూది, ఒక త్రాసు మనుష్యుని ప్రాణమును కాపాడుచున్నవి. మన ఇండ్లలో పాతచీరను దీపమువెలుగున పట్టి చూచు గృహిణి కూడ ఈ పరీక్షను మెచ్చుకొనును.

తనిఖీ ముగిసిన తరువాత గగనపరీక్ష. సంఘము ఆమోదించిన చోదకుడు విమానమును పైకి తీసికొనిపోయి, ఒక నిమిషములో ఎంత ఎత్తు ఎక్కుచున్నదో, ఎంత తక్కువ వేగమున గాలిపై పట్టు వదలుచున్నదో కొలిచి, వివరపత్రములోని అంకెలతో పోల్చిచూచును. అన్నియు సరియైనచో మరియొక సంవత్సరము ఎగురుటకు అనుమతి లభించును. ఎవరి విమానమును వారే తనిఖీచేసి సంతకము పెట్టుకొనుటకు వీలులేదు. తనిఖీదారుడైనను తన విమానమును మరియొకరికి చూపవలసినదే.

‘గాలిపై పట్టు వదలుట’ అంటిమి. దీనిని కొంచెము వివరింపవలెను. ఏ రెక్కయైనను గాలిలో కొంత వేగముతో పోవుచున్నపుడే బరువును మోయగలదు. వేగము ఒక హద్దునకంటె తగ్గినచో మోయలేక క్రుంగిపోవును. మైక్రోలైట్ అనిపించుకొనవలెనన్న ఆ హద్దు చాల తక్కువగా నుండవలెనని బ్రిటిషు నియమము. చాలకాలము అది గంటకు సుమారు 65 కిలోమీటర్లు. రెండాసనముల విమానము మనుష్యులతోను ఇంధనముతోను కలసి 450 కిలోగ్రాములు మించరాదు. ఏల ఈ హద్దులు? విమానము దిగునపుడు ఏ వేగముతో నేలను తాకునో ఆ వేగపు వర్గమునుబట్టి దాని తాకిడిశక్తి యుండును. వేగము రెట్టింపైన తాకిడి నాలుగురెట్లు. మెల్లగా దిగు విమానము ఇంజను ఆగిపోయినను ఒక చిన్న పొలములో క్షేమముగా దిగగలదు. ఎదురుగాలి గంటకు 20 కిలోమీటర్లున్నచో, నేలను తాకునపుడు దాని వేగము 45 కిలోమీటర్లే – సామాన్యమైన బస్సు వేగము. చవుకయైన ఇంజను ఒకప్పుడు ఆగిపోవచ్చునని ముందే ఒప్పుకొని, ఆగినను ప్రాణహాని లేకుండ చూచుటయే ఈ నియమముల యందలి రహస్యము.

2021లో ఈ హద్దులు మారినవి. సంఘమువారును ప్రభుత్వమువారును సంప్రదించుకొన్న పిమ్మట బరువును 600 కిలోగ్రాములకును, వేగపు హద్దును సుమారు 83 కిలోమీటర్లకును పెంచిరి. దానివలన మరింత దృఢమైన విమానములు, బరువైన ప్రయాణికులు, అధిక ఇంధనము సాధ్యమైనవి. అయితే బరువుతోపాటు వెలయు పెరుగును గదా. సామాన్యుని విమానమను పేరు నిలుచునా అను సందేహము నిర్హేతుకము కాదు.

ఇక శిక్షణ మాట. విమానము ఎంత మంచిదైనను నడుపువాని చేయి మంచిది కానిచో ప్రయోజనము లేదు. ప్రారంభదశలో తామే నేర్చుకొన్నవారి కష్టములను చూచిన సంఘము, శిక్షకులకు పాఠ్యక్రమమును, పరీక్షకులకు పద్ధతులను ఏర్పరచెను. 2002లో బ్రిటనులో జాతీయ చోదక లైసెన్సు ప్రవేశపెట్టబడెను. దాని ప్రకారము మైక్రోలైట్ విద్యార్థి కనీసము 25 గంటలు ఎగురవలెను. అందు 10 గంటలు ఒంటరిగా ఎగురవలెను. అంత ఓపికలేనివారికి 15 గంటలతో, అందు 7 గంటలు ఒంటరిగా ఎగురుటతో, పరిమితమైన లైసెన్సు కలదు. అట్టివారు బయలుదేరిన స్థలమునుండి సుమారు 15 కిలోమీటర్ల దూరమును దాటిపోరాదు. 16 సంవత్సరములు నిండిన బాలుడుగాని బాలికగాని ఒంటరిగా ఎగురవచ్చును. లైసెన్సుకు మాత్రము 17 సంవత్సరములు నిండవలెను. వాతావరణము, వైమానిక నియమములు, మార్గనిర్ణయము మొదలగు విషయములలో వ్రాతపరీక్షలు కలవు. కావున ఆకాశమునకు పోయినను పరీక్షలు తప్పవు.

శిక్షణలో శిక్షకులు పదే పదే చేయించు పని యొకటి కలదు. విద్యార్థి హాయిగా ఎగురుచుండగా శిక్షకుడు చెప్పాపెట్టకుండ ఇంజను వేగమును పూర్తిగా తగ్గించివేయును. ‘ఇప్పుడెక్కడ దిగెదవు?’ అని అడుగును. విద్యార్థి కొన్ని క్షణములలో గాలి ఎటునుండి వీచుచున్నదో, ఏ పొలము చదునుగా నున్నదో, దానిలో పశువులున్నవేమో, ప్రక్కన విద్యుత్తీగలున్నవేమో చూచుకొని, నిర్ణయించి, ఆ దిక్కునకు జారుచు పోవలెను. నేలకు సమీపించిన పిదప శిక్షకుడు మరల ఇంజనును పెంచి పైకి తీసికొనిపోవును. ఇట్లు అనేకపర్యాయములు జరిగినపిమ్మట మైక్రోలైట్ చోదకునకు ఒక అలవాటు ఏర్పడును: ఎంత అందమైన దృశ్యము క్రింద కనిపించుచున్నను, అతని కన్ను ఒకటి ఎల్లప్పుడును దిగుటకు తగిన పొలమును వెదకుచునే యుండును.

కాళ్లు చచ్చుబడినవారు కూడ చేతితో నడుపు అమరికలు బిగించిన మైక్రోలైట్లలో ఎగురుట నేర్చుకొనుచున్నారు. గుడ్డరెక్క విమానమును గాలిలో త్రిప్పుటకు చేతులే ముఖ్యము గనుక ఇది సాధ్యమైనది.

విమానమునకు నేల కూడ కావలెను. మైక్రోలైటుకు సిమెంటు బాట అక్కరలేదు, పచ్చిక చాలును. బ్రిటిషు చట్టము ప్రకారము ఒక భూమిని సంవత్సరమునకు 28 దినములవరకు ప్రత్యేకానుమతి లేకయే ఇట్టి తాత్కాలికమైన పనులకు ఉపయోగించుకొనవచ్చును. అందుచే రైతులతో స్నేహము చేసికొని వారి పొలములలో దిగుట ఆచారమైనది. కాని పొరుగువారి సంగతి యేమి? తొలినాటి ఇంజనులు చెవులు గింగురుమనునట్లు రొద చేయుచుండెడివి. ఆదివారము మధ్యాహ్నము తోటలో విశ్రమించుచున్నవారికి అది సహింపరానిదయ్యెను. ఫిర్యాదులు వెల్లువెత్తెను. రొదకు హద్దులు నిర్ణయింపబడినవి. నెమ్మదిగా మ్రోగు నాలుగు ఘాతముల ఇంజనులు వచ్చిన తరువాత బాధ కొంత తగ్గెను. ఒకే ఇంటిపై పదేపదే తిరుగరాదు, పశువులను బెదరింపరాదు అని సంఘము సభ్యులకు బోధించుచుండును. ఒక మొరటు చోదకుడు చేసిన తప్పునకు ఒక ఊరి మైదానమే మూతపడవచ్చును. పెద్ద విమానాశ్రయముల చుట్టును ఆకాశమును నిషేధించు ప్రతిపాదనలు వచ్చినపుడు తన సభ్యులపక్షమున వాదించుట కూడ సంఘపు విధులలో నొకటి. ఈ పని పత్రికలకెక్కదు. కాని ఇది లేనిచో మిగిలినదంతయు నిష్ప్రయోజనము.

ఇక క్రీడాభాగము. ప్రపంచమందలి వైమానిక క్రీడలకు పెద్దదిక్కు 1905లో పారిస్ నగరమున స్థాపింపబడిన అంతర్జాతీయ వైమానిక సమాఖ్య. మైక్రోలైట్లకొరకు దానిలో ప్రత్యేకమైన ఉపసంఘము కలదు. బ్రిటనులో ఈ సమాఖ్యకు ప్రతినిధి 1901లో ఏర్పడిన రాయల్ ఏరో క్లబ్బు; మైక్రోలైట్ల విషయమున ఆ క్లబ్బు తరఫున పని చూచునది మన సంఘము. జాతీయపోటీలు, జట్టు ఎంపిక, ప్రపంచపోటీలకు పంపుట సంఘము ద్వారమున జరుగును.

ఈ పోటీలు ఎవరు వేగముగా పోవుదురో చూచు గుర్రపుపందెములవంటివి కావు. ఇవి మూడు విధములు. మొదటిది మార్గమును కనుగొనుట. పోటీదారునకు ఒక పటము, కొన్ని ఛాయాచిత్రములు ఇత్తురు. అతడు చెప్పిన మార్గమునే పోవుచు, ఆ ఛాయాచిత్రములలోని వంతెననో, చర్చినో, నేలపై పరచిన తెల్లగుడ్డ గుర్తునో కనిపెట్టి పటముపై గురుతు పెట్టవలెను. తాను ఎంతవేగముతో పోవుదునని ముందుగా చెప్పెనో అంతవేగముననే పోవలెను. ముందుగా చేరినను మార్కులు పోవును. దారితప్పినచో దాచుటకు వీలులేదు. ముద్రవేసిన ఉపగ్రహ యంత్రము విమానమునందుండి ప్రతి మలుపును వ్రాసికొనుచుండును. రెండవది పొదుపు. అందరికిని కొలిచిన ఇంధనమే పోయుదురు. దానితో ఎవరు ఎక్కువదూరము పోయి రాగలరు, ఎవరు ఎక్కువసేపు ఆకాశమున నిలువగలరు అనునది పరీక్ష. చతురుడైన చోదకుడు ఎండకు కాగిన నేలనుండి పైకి లేచు వేడిగాలిని పసిగట్టి, గ్రద్దవలె అందులో చుట్లు తిరుగుచు ఇంధనమును మిగుల్చుకొనును. మూడవది గురిగా దిగుట. సుమారు 300 మీటర్ల ఎత్తున ఇంజనును ఆర్పివేసి, జారుచు వచ్చి, నేలపై గీసిన చారలలో నిర్ణీతమైన చారపై చక్రములు మోపవలెను. శిక్షణలో ప్రాణరక్షణకు నేర్చిన విద్యయే ఇక్కడ పందెమగుచున్నది.

పందెములు ఇష్టపడని వారికి పతకములు కలవు. అంతర్జాతీయ సమాఖ్య మైక్రోలైట్ చోదకులకు ‘కొలిబ్రీ’ అను పతకములను ఇచ్చును. కొలిబ్రీ అనగా పక్షులలో మిక్కిలి చిన్నదైన తేనెపిట్ట జాతి. కంచు, వెండి, బంగారు, వజ్రపు తరగతులు క్రమముగా సాధింపవలెను.

ఈ చిన్న విమానములతో కొందరు చేసిన సాహసములు చెప్పకున్నచో వ్యాసము కొరతపడును. డేవిడ్ కుక్ నిర్మించిన ‘షాడో’ అను విమానముపై ఈవ్ జాక్సన్ అను యువతి 1986లో ఇంగ్లండునుండి బయలుదేరి 1987లో ఆస్ట్రేలియా చేరెను. ఆ ‘షాడో’ రకపు విమానముపైననే మన దేశపు పారిశ్రామికుడు విజయపత్ సింఘానియా 1988లో లండనునుండి భారతదేశమునకు 23 దినములలో వచ్చి చేరెను. 1998లో బ్రయాన్ మిల్టన్ గుడ్డరెక్క విమానముపై 120 దినములలో భూప్రదక్షిణము గావించెను. కొంతదూరము తోడువచ్చిన సహచరుడు దారిలో విడిపోయెను. 2000లో కోలిన్ బోడిల్ 99 దినములలో ఒంటరిగా భూప్రదక్షిణము చేసెను. ప్రపంచవిజేతగా పేరొందిన రిచర్డ్ మెరిడిత్ హార్డీ 2004 మే మాసమున ఇంజనులేని గ్లైడరులోనున్న ఇటలీదేశస్థుడు ఏంజెలో దారిగోను తన మైక్రోలైటుతో త్రాటితో లాగుచు ఎవరెస్టు శిఖరముపైకి ఎగిరెను.

ఇట్టి యాత్రలలో గాలివానలకంటె కాగితములే ఎక్కువ కష్టపెట్టునని చెప్పవచ్చును. మైక్రోలైటుకు ఉన్నది స్వదేశములో చెల్లు అనుమతి మాత్రమే. పెద్ద విమానముల పత్రమువలె అది అన్నిదేశములలో చెల్లదు. దారిలోని ప్రతిదేశపు అనుమతిని విడివిడిగా పొందవలెను.

మన దేశమునను 1927లో స్థాపితమైన ఏరో క్లబ్ ఆఫ్ ఇండియా అంతర్జాతీయ సమాఖ్యలో సభ్యత్వము కలిగియున్నది. ఎన్.సి.సి. వాయువిభాగపు కేడెట్లకు మైక్రోలైట్లు క్రొత్తవి కావు. 2015లో స్లొవేనియాదేశపు పిపిస్ట్రెల్ సంస్థనుండి 194 చిన్న విమానములు కొనుటకు మన ప్రభుత్వము ఒప్పందము చేసికొనెను; వానిలో సగమునకు పైగా ఎన్.సి.సి.కి ఉద్దేశింపబడినవే. ఎన్.సి.సి.లో చేరదలచిన బాలబాలికలు ఈ సంగతి గమనింపదగినది.

బ్రిటనులో ఇటీవల జరిగిన మరియొక మార్పు కలదు. ఒకే ఆసనముగల విమానము కూలినను తోడి ప్రయాణికునకు హాని కలుగదు గదా, అట్టివానిపై ఇంత కట్టుబాటు ఏల అను వాదము బయలుదేరెను. 2007లో మిక్కిలి తేలికైన ఏకాసన విమానములను బలపరీక్షల నియమములనుండియు, వార్షికపు అనుమతినుండియు విడిచిపెట్టిరి. 2014లో ఆ సడలింపును 300 కిలోగ్రాముల వరకుగల ఏకాసన మైక్రోలైట్లన్నింటికి వర్తింపజేసిరి. చోదకునకు లైసెన్సు ఉండవలెను, బీమా ఉండవలెను. విమానపు బాగోగులు మాత్రము యజమానివే. ఇప్పుడతడు గొట్టమును మార్చవచ్చును, క్రొత్త రెక్కను తయారుచేసికొనవచ్చును, ఇంటిలోనే సరికొత్త నమూనాను కల్పింపవచ్చును. సూదియు త్రాసును పట్టుకొని తనిఖీదారుడు వచ్చి తీరవలెనను నియమము లేదు. అట్టివారికి సంఘము ఆజ్ఞలు ఇయ్యదు, సలహాలు మాత్రము ఇచ్చును. చట్టము అడుగకున్నను, సంవత్సరమునకొకసారి తనిఖీదారుని కబురుచేసి పిలిపించుకొనువారు వారిలో కలరు.